ఫ్రీగా నేర్చుకో, ఫ్రీగా ఉండిపో

తెలుగునాట నిరుద్యోగం లేదు. ఉన్నదల్లా లింకు ఓపెన్ చెయ్యని బద్ధకం. ఈ మాట నాది కాదు. పెళ్లి భోజనాల్లో గడ్డపెరుగు కోసం ఎదురుచూస్తూ పక్క విస్తరి ముందున్న కుర్రాణ్ణి ఇంటర్వ్యూ చేసే పెద్దమనుషుల దగ్గర్నుంచి, ఇంజనీరింగ్ కాలేజీ వార్షికోత్సవానికొచ్చి శాలువా కప్పించుకుని పోయే కంపెనీ వైస్ ప్రెసిడెంట్ల దాకా అందరిదీ. "ఇప్పుడన్నీ ఫోన్లోనే ఉన్నాయి కదరా! హార్వర్డ్ ఫ్రీ, స్టాన్‌ఫర్డ్ ఫ్రీ, ఐఐటీ ఫ్రీ. మా రోజుల్లో ఇవి ఉండుంటేనా..." అని నిట్టూరుస్తారు. నిజమే, వాళ్ల రోజుల్లో ఇవి లేవు. అందుకే పాపం డిగ్రీ పాసై, బ్యాంకు క్లర్కు పరీక్ష ఒక్కటి రాసి, ముప్పై అయిదేళ్లు ఒకే చోట ఉద్యోగం చేసి, ఇప్పుడు పెన్షన్ మీద బతుకు ఈడ్చాల్సి వస్తోంది.

సరుకు మంచిది కాదని ఎవరూ అనరు. ఎంఐటీ 2001లోనే తన పాఠాలు నెట్‌లో ఉచితంగా పెడతానని ప్రకటించింది. హార్వర్డ్ వాళ్ల సీఎస్50 పాఠం ఒక్కటి విన్నా చాలు, సీ ప్రోగ్రాములు బట్టీ పట్టించి ల్యాబ్ రికార్డు నింపించిన మన కాలేజీ రోజులు గుర్తొచ్చి కడుపు మండుతుంది. ఫ్రీకోడ్‌క్యాంప్ 2014 నుంచి పైసా అడక్కుండా కోడింగ్ నేర్పుతోంది. ఐఐటీలు, ఐఐఎస్సీ కలిసి నడిపే ఎన్‌పీటెల్‌లో దేశంలోకెల్లా పెద్ద ప్రొఫెసర్లు చెప్పిన పాఠాలు కుప్పలుగా ఉన్నాయి. వీటిని పట్టుకుని పైకొచ్చినవాళ్లూ ఉన్నారు. ప్రతి ఊళ్లోనూ ఒకడుంటాడు. ఆ ఒక్కణ్ణి చూపించి మిగతా తొంభై తొమ్మిది మందిని తిట్టడమే ఇప్పుడు మన విద్యావిధానం, ఉపాధి విధానం, పారిశ్రామిక విధానం. మూడూ కలిపి ఒకే లింకు.

ఈ ఫ్రీ కోర్సుల మోజు మొదలైంది కాలిఫోర్నియాలో. 2011లో స్టాన్‌ఫర్డ్ ప్రొఫెసర్ సెబాస్టియన్ థ్రన్, పీటర్ నార్విగ్‌తో కలిసి కృత్రిమ మేధ పాఠాలు ఆన్‌లైన్లో ఉచితంగా చెబితే లక్షా అరవై వేల మంది పేర్లు నమోదు చేసుకున్నారు. ఆ ఊపులో ఆయన యుడాసిటీ పెట్టాడు. యాభై ఏళ్లు పోతే ప్రపంచం మొత్తానికి పది ఉన్నత విద్యాసంస్థలే మిగులుతాయని జోస్యం కూడా చెప్పాడు. ఆ మాట తడి ఆరకముందే, 2013లో, తన సరుకు నాసిరకమని తనే ఒప్పుకున్నాడు. 2024లో యుడాసిటీని యాక్సెంచర్ కొనేసింది. విశ్వవిద్యాలయాల్ని మూయించడానికి బయల్దేరిన పెద్దమనిషి దుకాణం చివరికి ఒక ఐటీ సర్వీస్ కంపెనీ చేతికొచ్చింది. ఎంఐటీ, హార్వర్డ్ లాభాపేక్ష లేకుండా పెట్టిన ఎడ్‌ఎక్స్‌ను 2021లో 2యు అనే కంపెనీకి 80 కోట్ల డాలర్లకు అమ్మేశాయి. ఉచితం మార్కెట్లో ఎంత పలుకుతుందో లోకానికి అప్పుడు తెలిసింది. కొన్న కంపెనీ 2024లో దివాలా పిటిషన్ వేసింది, అది వేరే సంగతి.

ఈ ఎడ్‌ఎక్స్‌లోనే ఎంఐటీ, హార్వర్డ్ ఆరేళ్ల పాటు నడిపిన కోర్సుల లెక్కలు 2019లో 'సైన్స్' పత్రికలో వచ్చాయి. పేరు నమోదు చేసుకున్నవాళ్లలో 52 శాతం మంది కోర్సు గడప తొక్కనే లేదు. 2017-18లో పూర్తి చేసినవాళ్లు నూటికి 3.13 మంది. ఒళ్లో ల్యాప్‌టాప్, చేతిలో కాఫీ, వెనకాల ఉద్యోగం ఉన్న దేశాలవాళ్లను కూడా కలుపుకుని వచ్చిన లెక్క ఇది. వాళ్లను ఎవరూ సోమరిపోతులనలేదు. ప్లాట్‌ఫామ్‌లోనే ఏదో లోపముందని సెమినార్లు పెట్టుకున్నారు. అదే మన నర్సీపట్నం కుర్రాడు మూడో వారం మానేస్తే మాత్రం ఈ తరానికి ఓపిక లేదు.

మన కాలేజీల తెలివి ముందు ఇవన్నీ దిగదుడుపు. ఎన్‌పీటెల్ పాఠాలు కూడా దొరికే కేంద్రప్రభుత్వ స్వయం పోర్టల్ 2017లో మొదలైంది. ఒక సెమిస్టర్ క్రెడిట్లలో 40 శాతం దాకా అక్కడి కోర్సులతో తెచ్చుకోవచ్చని యూజీసీ 2021లో వీలిచ్చింది. మంచి మేష్టారు లేని కాలేజీకి కూడా మంచి పాఠం అందాలని వాళ్ల ఉద్దేశం. మంచి పాఠం అందుతోంది కాబట్టి ఇక మేష్టారు అక్కర్లేదని మేనేజ్‌మెంట్లకు అర్థమైంది. అక్రెడిటేషన్ ఫైలు కోసం సెక్షన్‌కి ఇంతమంది అని టార్గెట్. "రేపు సాయంత్రంలోగా ఎన్‌పీటెల్ రిజిస్ట్రేషన్ స్క్రీన్‌షాట్ గ్రూపులో పెట్టనివారికి ఇంటర్నల్స్ కట్" అని హెచ్‌ఓడీ గారి మెసేజ్. పాఠం ఫ్రీ, పరీక్షకు వెయ్యి రూపాయలు. వారం వారం అసైన్‌మెంట్లకు ఇరవై అయిదు మార్కులు, సెంటరుకెళ్లి రాసే పరీక్షకు డెబ్బై అయిదు. బుధవారం అర్ధరాత్రి గడువు. బుధవారం సాయంత్రానికల్లా "వీక్ 5 ఆన్సర్స్, హండ్రెడ్ పర్సెంట్ కరెక్ట్" అని ఎవరో పుణ్యాత్ముడు యూట్యూబ్‌లో వీడియో పెడతాడు. ఆ వారం పాఠాలు రెండు మూడు గంటలు, జవాబులు రెండున్నర నిమిషాలు, అందులో మొదటి నిమిషం "సబ్‌స్క్రైబ్ చేసుకోండి ఫ్రెండ్స్". హాస్టల్ గదిలో ఒకడు ఫోన్ పట్టుకుని "సీ... బీ... ఏ, డీ రెండూ..." అని చదువుతుంటాడు, మిగతా ముగ్గురూ టిక్కులు కొడుతుంటారు. హౌసీ ఆడుతున్నారేమోనని వార్డెన్ తొంగి చూసి, చదువుకుంటున్నారని తెలుసుకుని, సంతోషంగా వెళ్లిపోతాడు.

కాలేజీ బయట దొరికే గురువుల పేరు "అన్న". "తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఈ అయిదు ఫ్రీ కోర్సులు చేస్తే కంపెనీలే మీకు ఫోన్ చేస్తాయి" అని రీల్ చేస్తాడు. ఆ అయిదేమిటో చెప్పడు. "కామెంట్‌లో లింక్ అని టైప్ చెయ్యండి, డీఎం చేస్తా." ఇక కింద చూడండి: "లింక్". "లింక్ అన్నా". "ప్లీజ్ అన్నా". "అన్నా నాకు రాలేదు". వేలుపెట్టి ఎంతసేపు పైకి నెట్టినా అదే మాట, రెండు చేతులు జోడించిన బొమ్మలు. ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజి ముందు కార్డు రెన్యువల్‌కి మన తండ్రులు నిలబడ్డ క్యూ ఇదే, ఎండ ఒక్కటే లేదు.

లింకు నొక్కితే టెలిగ్రామ్, అక్కణ్ణుంచి వాట్సాప్, అక్కణ్ణుంచి ఫ్రీ వెబినార్. ఆదివారం పదకొండు గంటలకు. మొదటి గంట అన్న కష్టాలు: పద్దెనిమిది బ్యాక్‌లాగులు, నాన్న తిట్లు, అమ్మ కన్నీళ్లు. రెండో గంట అన్న కారు. మూడో గంటలోనైనా పాఠం వస్తుందనుకుంటే స్క్రీన్ మీద గడియారం వస్తుంది. అసలు ధర 49,999. ఈ పావుగంటలో చేరినవాళ్లకు 4,999. 14:59, 14:58, 14:57... చూసేవాడి గుండె దడదడ. ఓసారి పేజీ రిఫ్రెష్ చేసి చూడండి, మళ్లీ 14:59 నుంచి మొదలు. కాలాన్ని వెనక్కి తిప్పడం ఐన్‌స్టీన్ వల్ల కాలేదు, అన్నకు జావాస్క్రిప్ట్‌లో రెండు లైన్లతో అయిపోయింది. ఆ మూడు గంటల మొత్తం మీద పనిచేసే ప్రోగ్రాం అదొక్కటే. డబ్బుల్లేవా? నో కాస్ట్ ఈఎంఐ ఉంది. ఆధార్, పాన్, ఓటీపీ. ఫ్రీ కోర్సుకని వచ్చినవాడు అప్పుతో బయటికి నడుస్తాడు. జీతం రాకముందే సిబిల్ స్కోరు వచ్చేస్తుంది.

పెద్ద ప్లాట్‌ఫామ్‌లు ఇంత మొరటుగా ఉండవు, అక్కడంతా మర్యాదే. ఫ్రీగా చేరండి అనే బటన్ పెద్దగా, అందంగా ఉంటుంది. నొక్కితే కార్డు నంబరు అడుగుతుంది: వారం రోజులు ఫ్రీ, ఆ తర్వాత మీ ఇష్టం, మా కోత. ఊరికే వినే దారి ఎక్కడో చిన్నక్షరాల్లో ఉంటే ఉంటుంది. సర్టిఫికెట్ కావాలి, డబ్బు లేదు అన్నవాళ్ల కోసం కోర్సెరాలో ఆర్థిక సాయం దరఖాస్తు ఒకటుంది. నీ దరిద్రాన్ని 150 పదాలకు తగ్గకుండా ఇంగ్లీషులో రాసి రెండు వారాలు ఆగాల్సి వచ్చేది. ఆ 150 పదాలు హాస్టల్ మొత్తానికీ ఒకటే: నాన్న రైతు, రెండెకరాలు, వానల్లేవు, చెల్లి చదువు. సబ్‌రిజిస్ట్రార్ గారబ్బాయి కూడా ఆ రెండెకరాలకే వారసుడు. నిజంగా రెండెకరాల రైతు కొడుకు మాత్రం, "అందరూ ఇదే రాస్తున్నారు, కాపీ అనుకుంటారేమో" అని భయపడి తన కష్టాన్ని మార్చి రాసుకునేవాడు.

ఇవన్నీ దాటుకుని, నిజంగా నేర్చుకుందామని కూర్చున్నవాణ్ణి ఒకసారి దగ్గరగా చూడండి. రాత్రి పదకొండున్నర. కేపీహెచ్‌బీ హాస్టల్లో ముగ్గురు పడుకునే గది, ఇద్దరు పడుకున్నారు. రోజువారీ ఒకటిన్నర జీబీలో మిగిలింది మూడొందల ఎంబీ. 2021లో ఎవరో రికార్డు చేసిన రియాక్ట్ పాఠం. "ఇప్పుడు క్రియేట్ రియాక్ట్ యాప్ కమాండ్ కొట్టండి" అంటాడు వీడియోలోని అన్న. వీడూ కొడతాడు. అన్న స్క్రీన్ మీద రియాక్ట్ గుర్తు గిరగిరా తిరుగుతుంది, వీడి స్క్రీన్ మీద ఎర్రక్షరాలు జలజలా దిగుతాయి. ఆ పనిముట్టును దాని సొంతవాళ్లే 2025 ఫిబ్రవరిలో పక్కన పెట్టేశారని వీడికి చెప్పినవాడు లేడు. తప్పు తనదే అనుకుని మళ్లీ మొదట్నుంచి టైప్ చేస్తాడు. కామెంట్లలోకి దిగుతాడు. "బ్రో సేమ్ ఎర్రర్, సాల్వ్ అయిందా?" అని ఎవరో అడిగి చాలా కాలమైంది. దాని కింద ఇంకొకడు: "మీకు సాల్వ్ అయిందా బ్రో?" ఆ రెండో ప్రశ్నకు లైకులున్నాయి. జవాబు లేదు.

వాడికప్పుడు కావాల్సింది పక్కకు కుర్చీ లాక్కుని, "అది పాతదైపోయిందిరా, వీట్ వాడు" అని ఒక్క ముక్క చెప్పే మనిషి. ఆ మనిషికి జీతం ఇవ్వాలి. అందుకే ఆ మనిషి ఏ ఫ్రీ కోర్సులోనూ ఉండడు. అమీర్‌పేట మైత్రీవనం చుట్టుపక్కల గదికి వందల మందిని కుక్కి జావా చెప్పిన రోజుల్లో కూడా, క్లాసయ్యాక ఫ్యాకల్టీ చుట్టూ మూగి "సార్, నాకు రావట్లేదు సార్" అంటే, ఆయన మెట్ల మీద టీ తాగుతూ అయినా తప్పెక్కడుందో చెప్పేవాడు. అమీర్‌పేటను మెచ్చుకోవాల్సిన రోజొకటి వస్తుందని నేననుకోలేదు.

అయినా పట్టు వదలనివాడు ప్రాజెక్టుల దాకా వస్తాడు. డేటా సైన్స్ అయితే టైటానిక్. 1912లో మునిగిపోయిన ఓడలో ఎవరు బతుకుతారో, 891 మంది ప్రయాణికుల వివరాలు ముందేసుకుని మన సిద్దిపేట కుర్రాడు ఇవాళ్టికీ అంచనా వేస్తూనే ఉన్నాడు. అది అవగానే ఐరిస్ పూలు. ఫిషర్ అనే ఆయన 1936 నాటి వ్యాసంలో వాడిన నూట యాభై పూల కొలతలు. ఆ పువ్వు మన తోటల్లో కనపడదు, దాని రేకు పొడుగు మాత్రం బీటెక్ పిల్లలందరికీ తెలుసు. ఎనుమాముల మార్కెట్లో రేపు మిర్చి ధర ఎంతుంటుందో లెక్కగట్టమనే కోర్సు లేదు. కోర్సు తయారుచేసినవాడు మిర్చి అమ్ముకోడు కదా. వెబ్ వైపు వెళ్లినవాడు నెట్‌ఫ్లిక్స్ క్లోన్ చేస్తాడు. ఈ దేశంలో తయారైన నెట్‌ఫ్లిక్సుల లెక్క తీస్తే దాని చందాదారుల్ని మించిపోయినా మించిపోవచ్చు. ఒక్కదాంట్లోనూ సినిమా ఆడదు.

ఈ ఓడలూ పూలూ కలిసి రెజ్యూమెల రూపంలో కంపెనీకి చేరతాయి. అక్కడ వాటిని మొదట చదివేది మనిషి కాదు, ఇంకో సాఫ్ట్‌వేర్. టైటానిక్‌లో ఎవరు బతుకుతారో చెప్పగలవాడికి ఆ జల్లెడలో తను బతుకుతాడో లేదో తెలీదు. కనీసం మునిగిపోయినట్టు కబురు కూడా రాదు.

ఇందులో లాభపడ్డదెవరో చూడాలంటే పాత రోజులు గుర్తు చేసుకోవాలి. ఐటీ కంపెనీలు మెకానికల్, సివిల్ అని చూడకుండా దొరికినవాణ్ణల్లా పట్టుకెళ్లి, జీతమిచ్చి, నెలల తరబడి కూర్చోబెట్టి పని నేర్పేవి. ఇన్ఫోసిస్ అయితే అందుకోసం మైసూరులో ఊరంత క్యాంపసే కట్టింది. నేర్పడం కంపెనీ ఖర్చుగా ఉండేది. ఆ ఖర్చే ఇప్పుడు నెమ్మదిగా కుర్రాడి ఖాతాలోకి మారింది: వాడి డేటా, వాడి ల్యాప్‌టాప్, వాడి హాస్టల్ బిల్లు, వాడి ఇరవై రెండో ఏడు, ఇరవై మూడో ఏడు. కంపెనీకి మాత్రం పూర్తిగా ఉచితం. ఫ్రీ కోర్సు అన్నది ఎవరికి ఫ్రీయో ఇప్పటికైనా అర్థమై ఉండాలి. పోనీ, తయారై వచ్చినవాడికి ఎక్కువేమైనా ఇస్తారా? పదిహేనేళ్ల కిందట ఫ్రెషర్ జీతం ఏడాదికి మూడు లక్షల చిల్లర. ఇప్పుడూ పెద్ద కంపెనీల్లో ఎక్కువమందికి మూడు, మూడున్నర. బియ్యం, హాస్టల్ అద్దె, బస్ పాస్ అన్నీ అప్‌స్కిల్ అయ్యాయి. జీతం ఒక్కటే కోర్సు పూర్తి చెయ్యలేదు.

చేరితే గట్టెక్కినట్టే అనుకుంటారా? 2022 బ్యాచ్‌లో ఆఫర్ లెటర్లు పట్టుకుని రెండేళ్లు ఇంట్లో కూర్చుని, 2024 చివర్లో చేరి, శిక్షణ పరీక్షలు తప్పారని 2025 ఫిబ్రవరిలో బయటికి పంపేస్తే పెట్టెలు సర్దుకున్న పిల్లలు మూడొందల మందికి పైనే, అదే మైసూరులో. ఆ రెండేళ్లూ బంధువుల నుంచి వాళ్లకెన్ని ఫ్రీ లింకులు వచ్చుంటాయో ఊహించుకోండి.

ఇక ఉద్యోగ ప్రకటనలు. "ఫ్రెషర్లు కావలెను. రెండేళ్ల అనుభవం తప్పనిసరి." ఆ రెండేళ్లు నేర్పే కోర్సు లేదు గానీ అమ్మే దుకాణాలున్నాయి. డబ్బు కడితే ఎప్పుడో మూతపడ్డ కంపెనీ లెటర్‌హెడ్ మీద ఎక్స్‌పీరియన్స్ లెటరు, పేస్లిప్పులు ఇస్తారు. ఆన్‌లైన్ ఇంటర్వ్యూలో డబ్బు కట్టినవాడు పెదవులు కదిపితే వెనక నుంచి ఇంకొకడు మాట్లాడి పెడతాడు. నిజాయితీగా కూర్చుని నేర్చుకున్నవాడు మాత్రం "ఈ గ్యాప్ ఎందుకొచ్చింది?" దగ్గర తడబడతాడు. ఆ గ్యాప్‌లో హార్వర్డ్ పాఠాలు చదివానని చెప్పొచ్చు. కానీ అది ఫ్రీ హార్వర్డ్. డబ్బు కట్టిన హార్వర్డ్‌కి గ్యాప్ అని పేరు పెట్టరు. శాలువాలు కప్పించుకునే సలహాదారుల పిల్లలెక్కడున్నారో వాకబు చెయ్యండి. డాలస్‌లో ఎమ్మెస్, యాభై లక్షలు. ఫ్రీ లింకు ఆ పెద్దమనుషులు ఊరంతటికీ ఫార్వర్డ్ చేశారు, ఫ్యామిలీ గ్రూపులో తప్ప.

ఆడపిల్లల విషయంలో ఈ ఫ్రీకి ఇంకో ఉపయోగం కనిపెట్టారు. "ఇంట్లోనే ఉండి ఆన్‌లైన్లో ఏదైనా నేర్చుకోవే" అంటే హైదరాబాద్ హాస్టల్‌కి పంపం అని. ఆ పిల్ల గిన్నెలు తోమి, నానమ్మకు మందులిచ్చి, తమ్ముడు ల్యాప్‌టాప్ వదిలాక రాత్రి పదింటికి పైథాన్ తెరుస్తుంది. పెళ్లిచూపుల్లో "అమ్మాయి ఏం చేస్తోంది?" అంటే "కోర్సు చేస్తోందండీ" అని చెప్పుకోడానికి అది అక్కరకొస్తుంది. తప్పకుండా ప్లేస్‌మెంట్ ఉన్న ఫ్రీ కోర్సు మన దగ్గర బహుశా అదొక్కటే.

ఇన్నాళ్లూ నేర్చుకునే పని ఒక పక్కవాళ్లకే పడింది కాబట్టి, రెండో పక్కవాళ్ల కోసం నేనూ కొన్ని ఫ్రీ కోర్సులు పెడుతున్నాను. హెచ్‌ఆర్ మేనేజర్లకు "దరఖాస్తుకు జవాబు రాయడం, బిగినర్ లెవెల్". నాలుగు వారాలు. మొదటి వారమంతా "లేదు" అనే మాట టైప్ చెయ్యడం. నాలుగో వారం ప్రాజెక్టు: ఒక నిజమైన కుర్రాడికి నిజంగా ఒక ఈమెయిల్ పంపాలి. ఫ్రెషర్ అంటే ఎవరు అనే పాఠం కూడా తయారుగా ఉంది, కాకపోతే అది అడ్వాన్స్‌డ్, ముందు బేసిక్స్ రానీయండి. కాలేజీ యాజమాన్యాలకు కూడికలు: ఒకే పిల్లవాడికి మూడు ఆఫర్లొస్తే ముగ్గురు పిల్లలు కారని రుజువు చేసే ల్యాబ్ సెషన్, గేటు ముందు ఫ్లెక్సీ మీద ఫొటోలు లెక్కపెడుతూ చెయ్యాలి. మంత్రులకు, అధికారులకు "ఎంఓయూకీ ఉద్యోగానికీ తేడా". ఎవరి వీలును బట్టి వాళ్లు నేర్చుకోవచ్చు, అయిదేళ్ల గడువుంది. బాబాయిలకు, మేనమామలకు కోర్సంటూ లేదు, ఒక్క ప్రశ్న క్విజ్ మాత్రమే: మీరు పంపిన లింకును మీరెప్పుడైనా తెరిచారా?

రిజిస్ట్రేషన్ ఉచితం, సర్టిఫికెట్‌కి వెయ్యి రూపాయలు. రెండేళ్ల అనుభవం ఉన్నవాళ్లకే ప్రవేశం. జవాబులు బుధవారం సాయంత్రం యూట్యూబ్‌లో వస్తాయి.